సైకిల్ ఎక్కేముందు మాత్రల అట్ట చూడండి

వేదిక మీది పెద్దలకీ, ఆదివారం పొద్దున్నే నిద్ర మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. చలికాలం 200 కిలోమీటర్ల బ్రెవేకి, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ సవారీకి, ఎలా తయారవాలో చెప్పమన్నారు. 13.5 గంటల్లో ముగించాలి కాబట్టి వారాలవారీగా రాసుకొచ్చాను కూడా. అది గ్రూపులో పెడతాను. ఇందాక టీ దగ్గర ఒక కుర్రాడు, "అంకుల్, జ్వరం తగ్గింది, యాంటీబయాటిక్ కోర్సు ఇంకా ఉంది, రేపు నార్సింగి ట్రాక్ మీద ఒక రౌండ్ వెయ్యొచ్చా?" అన్నాడు. హైదరాబాద్‌లో సోలార్ పలకల కప్పున్న సైకిల్ ట్రాక్ అది. ఇవాళ నేను మాట్లాడాల్సింది అదే.

మా తమ్ముడికి టైఫాయిడ్ వస్తే ఒక క్లినిక్‌లో ఆఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాసిచ్చారు. సైకిల్ తొక్కుతావా అని అడగలేదు. మందుల షాపులో అట్ట కత్తిరించి కవర్లో వేసిచ్చారు, అక్కడా ఎవరూ అడగలేదు. జ్వరం దిగగానే వాడు ట్రాక్ మీదికి పోయాడు. మర్నాడు మంచం దిగి కాలు కింద పెడితే మడమ వెనక భగ్గుమంది. బూటు అంచుకి కాస్త పైన, తాడులా గట్టిగా తగలాల్సిన చోట వాచిపోయి, వేలు పెడితే ఓర్చుకోలేకపోయాడు. తొక్కితే సర్దుకుంటుందని బయల్దేరబోతే మా మరదలు సైకిల్ తాళంచెవి దాచేసింది. రెండో డాక్టరు గారు కాలు ముట్టుకోకముందే, "ఏం మాత్రలు వాడుతున్నావ్?" అని అడిగారు. వెంటనే మందు మార్చారు.

సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్. ఫ్లోరోక్వినలోన్లు అనే ఈ రకం యాంటీబయాటిక్‌ల వల్ల టెండన్లు, అంటే కండరాన్ని ఎముకతో కలిపే తాళ్లు, వాయవచ్చు, తెగనూవచ్చు. ఎక్కువగా దెబ్బ తినేది పిక్కని మడమతో కలిపే అకిలిస్ టెండన్. పెడల్ నొక్కిన ప్రతిసారీ లాగేది దాన్నే కదా! అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే దీనిపై బాక్స్ హెచ్చరిక, అంటే మందు సమాచార పత్రంలో గడి కట్టి రాసే గట్టి హెచ్చరిక, పెట్టించింది. సైనస్‌కీ, బ్రాంకైటిస్‌కీ వేరే మందు ఉంటే ఇవి ఇవ్వొద్దని 2016లో చెప్పింది. అరవై దాటినవాళ్లకీ, స్టెరాయిడ్లు వాడేవాళ్లకీ ముప్పు ఇంకా ఎక్కువ. కోర్సు అయిపోయిన కొన్ని నెలలకి కూడా రావచ్చు. ఇంత తెలిసి ఉండగా ఒక్క ప్రశ్న అడగడానికి ఏమైంది? ఒక్క ప్రశ్న!

చేతులెత్తండి, డాక్టర్ని చూడకుండా షాపులో యాంటీబయాటిక్ కొన్నవాళ్లెవరు? ఎత్తండి, పర్లేదు. చూశారా ఎంతమందో. అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, మనం కొనకూడదు. ఫ్లూకీ డెంగీకీ యాంటీబయాటిక్ పనిచెయ్యదు, అవి వైరస్‌లు.

బాబూ, రేపు వద్దు. నీరసం తెచ్చేది చాలావరకు మాత్ర కాదు, జబ్బే. జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలో దగ్గు ఉండగా గట్టిగా తొక్కకూడదు. కొన్ని వైరస్‌లు గుండె కండరాన్ని వాపెక్కిస్తాయి, అప్పుడు శ్రమపడితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. పొద్దున లేవగానే నాడి చూసుకో. మామూలు కంటే వేగంగా ఉంటే ఆ రోజుకి ఇంట్లోనే. అది కుదుటపడ్డాక చదును రోడ్డు, తేలిక గేరు, పక్కవాడితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగినంత వేగం. డాక్సీసైక్లిన్ వేసుకుంటే ఎండకి చర్మం కాలినట్టవుతుంది. ట్రాక్ మీద సోలార్ పలకల నీడ ఉంది కానీ బ్రెవే దారిలో లేదు. విరేచనాలవుతుంటే ఓఆర్‌ఎస్ తాగు, సైకిల్ జోలికి పోకు. మాత్రలు మాత్రం నీ అంతట నువ్వు ఆపకు. మడమ నొప్పి మొదలైతే తర్వాతి మాత్ర మింగకముందే డాక్టరుకి ఫోన్ చెయ్యి.

నిర్వాహకులకి ఒక విన్నపం. పేర్లు రాసుకునే కాగితం మీద ఇంకో గడి పెట్టండి: "ఇప్పుడు ఏ మందు వాడుతున్నారు?" మందు వాడుతున్నవాళ్లని ఇంటికి పంపెయ్యకండి. దారిలో రైడర్లు ఆగే కంట్రోల్ పాయింట్ దగ్గర వాళ్ల కార్డుల మీద ముద్ర వెయ్యడానికి మనుషులు చాలడం లేదు, అక్కడ కూర్చోబెట్టండి. మొదటి పేరు ఈ కుర్రాడిదే రాసుకోండి.