అమ్మతో, పిల్లలతో దూరప్రయాణం ఎట్లా ప్లాన్ చేసుకోవాలి: గండికోట బండ మీద నుంచి

నమస్తే అండీ. టైమ్ ఇప్పుడు ఉదయం అయిదూ ముప్పావు. నేను గండికోటలో ఉన్నాను. నా వెనక అంతా చీకటిగా కనపడుతోంది కదా, అక్కడే పెన్న లోయ ఉంది. ఇంకో గంటకు సూర్యుడు వస్తాడు. ఆలోపల చెప్పాల్సిందంతా చెప్పేస్తాను. వచ్చాక ఇంక మాట్లాడను.

అటువైపు టార్చి వేస్తాను, చూడండి. శాలువా కప్పుకుని బండ మీద కూర్చున్నది మా అమ్మ. అరవై ఏడేళ్లు, రెండు మోకాళ్లూ నొప్పులే. ఆమెకు ఆనుకుని నిద్రమొహాలతో ఉన్నవాళ్లు నా పిల్లలు. బాబుకు పదకొండు, పాపకు ఏడు. మాది ప్రొద్దుటూరు. సంక్రాంతి సెలవులకు వచ్చాం.

"పెద్దవాళ్లను, పిల్లలను వెంటబెట్టుకుని అంతంత దూరాలు ఎట్లా పోయొస్తారక్కా?" అని మా బంధువుల్లో చాలామంది అడుగుతుంటారు. పోయిరావడం పెద్ద కష్టం కాదు. టికెట్ కొంటే విమానం ఎవరినైనా తీసుకుపోతుంది. పోయొచ్చాక ఏళ్ల తరబడి ఇంట్లో చెప్పుకునేట్టు ఉండాలంటే ప్లాన్ ఎట్లా వేసుకోవాలి, అదే ఈ వీడియో. నాకు దీన్ని రెండు యాత్రలు నేర్పించాయి.

మొదటిది సింగపూర్, మలేషియా. ఆరు రోజుల ప్యాకేజీ. ప్రోగ్రామ్ కాగితం చేతికిచ్చిన రోజు నాకెంత సంతోషమో! రోజుకు అయిదారు చోట్లు చూపిస్తామని రాసుంది. పెట్టిన ప్రతి రూపాయీ గిట్టుబాటు అవుతుందనుకున్నాను. తీరా పోయాక బస్సు దిగడం, ఫొటో తీసుకోవడం, మళ్లీ ఎక్కడం, ఇంతే. నాలుగో రోజుకు అమ్మ బస్సు దిగడమే మానేసింది. "మీరు పోయి రాండి, నేను ఈడనే కూచుంటా" అనేది.

కౌలాలంపూర్ దగ్గర బటు గుహలు ఉన్నాయి. కింద 140 అడుగుల మురుగన్ విగ్రహం, పైన కొండగుహలో గుడి, దానికి 272 మెట్లు. మాకిచ్చిన టైమ్ నలభై నిమిషాలు. అమ్మ కిందనే ఉండిపోయింది. మేము పరుగులు పెడుతూ ఎక్కి దిగొస్తే బస్సు చెడిపోయి ఉంది. ఇంకో బస్సు వచ్చేసరికి గంటన్నర పట్టింది. నాకు ఒకటే టెన్షన్, తర్వాత చూడాల్సినవన్నీ పోతున్నాయే అని. అమ్మ మాత్రం పూలమ్మే ఒకావిడ పక్కన కూర్చుని, ఆమె మాల కడుతుంటే తానూ దారం తీసుకుని కట్టడం మొదలుపెట్టింది. ఆమెకు తెలుగు రాదు, అమ్మకు తమిళం రాదు. అయినా ఇద్దరూ పిల్లల గురించే మాట్లాడుకున్నారని చేతుల సైగలు చూస్తే తెలిసింది. లేచేటప్పుడు ఆవిడ మా పాప జడలో మూరెడు మల్లెపూలు పెట్టింది. బాబు ఆ గంటన్నరా అక్కడి పావురాల వెంట తిరిగాడు.

మూడేళ్లయింది. మలేషియా అనగానే అమ్మ ఇప్పటికీ ఆ పూలావిడ గురించే చెప్తుంది. వాడు పావురాల గురించి చెప్తాడు. మిగతా అయిదున్నర రోజుల్లో చూసినవాటి పేర్లు అడిగితే నాకే సరిగా గుర్తు లేవు. ఆరు రోజుల యాత్రలో మా ఇంటికి మిగిలింది బస్సు చెడిపోయిన ఆ గంటన్నర. అది ప్రోగ్రామ్ కాగితంలో లేనే లేదు. నేను దాని గురించి చాలా రోజులు ఆలోచించాను.

అందుకే రెండో యాత్రకు ప్లాన్ నేనే వేశాను. మా తమ్ముడు అమెరికాలో, ఫీనిక్స్‌లో ఉంటాడు. మేము వస్తున్నామని లాస్ వేగాస్, లాస్ ఏంజిలెస్, గ్రాండ్ కాన్యన్ అన్నీ కలిపి వారం రోజులకు లిస్టు పంపాడు. వాడి ప్రేమ వాడిది. నేను అన్నీ కొట్టేసి గ్రాండ్ కాన్యన్ ఒక్కటే ఉంచాను. రెండు రాత్రులు అక్కడే బస. ఫోన్లో వాడు ఎంత గొడవపడ్డాడో! "అక్కా, అంత దూరం వచ్చి ఒక్క గుంత చూసి పోతావా?"

ఇక్కడ నేను పాటించిన మొదటి పద్ధతి చెప్తాను, దీన్ని మాత్రం తప్పకుండా రాసుకోండి. ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేది ఎవరో, వాళ్ల కాళ్లతో ప్లాన్ కొలవండి. మా ఇంట్లో అది అమ్మ. ఆమె ఎంత నడవగలదు, ఎన్ని గంటలకు ఒకసారి బాత్రూమ్ కావాలి, మందులు ఎప్పుడు, మధ్యాహ్నం గంట కునుకు ఎక్కడ, ఇవి ముందు రాసుకున్నాను. చూడాల్సినవి ఆ తర్వాత రాసుకున్నాను. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో, అంటే లోయ దక్షిణపు వైపు, అంచు వెంబడి రిమ్ ట్రెయిల్ అని దారి ఉంది. దాంట్లో చాలా భాగం చదునుగా, వీల్‌చెయిర్ కూడా పోయేట్టు ఉంటుంది. ఉచిత బస్సులు తిరుగుతుంటాయి. నడిచినంత నడిచి, అలసిపోతే బస్సెక్కొచ్చు. అమ్మకు సరిగ్గా సరిపోయింది.

రెండో సంగతి నిద్ర. ఫీనిక్స్, గ్రాండ్ కాన్యన్ రెండూ ఉన్న అరిజోనా రాష్ట్రం టైమ్ మనకంటే పన్నెండున్నర గంటలు వెనక. అంటే మన పగలు వాళ్లకు రాత్రి. మొదటి నాలుగైదు రోజులు మాకందరికీ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది. చాలామంది ఇది తగ్గాక చూడటానికి పోదామనుకుంటారు. నేను ఉల్టా చేశాను. సూర్యోదయం చూడాల్సిన చోటు మొదటి వారంలోనే పెట్టాను. ఎట్లాగూ మూడింటికి లేస్తున్నాం కదా! పిల్లలను లేపడానికి కష్టపడే పనే లేకుండా పోయింది.

చలికి సిద్ధంగా పోవాలి. ఫీనిక్స్‌లో మన కడప ఎండలాంటి ఎండే ఉంటుంది. అక్కడి నుంచి నాలుగు గంటలు కారులో పోతే, సౌత్ రిమ్ సముద్రమట్టానికి దాదాపు 2,100 మీటర్ల ఎత్తులో ఉంది. మేము పోయింది అక్టోబర్లో. తెల్లవారుజామున అమ్మకు స్వెటర్, దాని మీద శాలువా, దాని మీద తమ్ముడి జాకెట్.

ఆ లోయ గురించి ఏం చెప్పను! పొడవు 446 కిలోమీటర్లు. కొన్నిచోట్ల అవతలి అంచు 29 కిలోమీటర్ల దూరం. లోతు మైలుకు పైనే. కానీ ఈ లెక్కలేవీ అక్కడ నిలబడితే గుర్తు రావు. మొదటి సాయంత్రం అమ్మ బెంచీ మీద కూర్చుని అరగంట పలకలేదు. నీడలు జరుగుతుంటే లోయ రంగులు మారుతున్నాయి. చివరికి "ఏరు యాడుంది రా?" అని తమ్ముణ్ణి అడిగింది. వాడు చూపించాడు. పైనుంచి కొలరాడో నది ఒక సన్నటి దారంలా, అది కూడా అక్కడక్కడే కనపడుతుంది. అమ్మ దాన్నే చూసి, "మన పెన్న చేసిన పనే గదా. ఈడ ఇంగొంచెం ఎక్కువ నాళ్లు చేసింది" అంది. ఆ మాట విన్నాక మా తమ్ముడు లాస్ వేగాస్ పేరు మళ్లీ ఎత్తలేదు.

పిల్లలకు మాత్రం ఊరికే కూర్చుని చూడమంటే కుదరదు. వాళ్ల చేతికి పని ఇవ్వాలి. అక్కడి పార్కుల్లో జూనియర్ రేంజర్ అని ఒక పద్ధతి ఉంది. పిల్లలకు చిన్న పుస్తకం ఇస్తారు. చెట్లు, రాళ్లు, పక్షులు చూసి దాంట్లో ప్రశ్నలకు జవాబులు రాయాలి. పూర్తి చేసి చూపిస్తే రేంజర్లు ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తారు. మా పాప ఆ బ్యాడ్జి పెట్టుకునే నిద్రపోయింది.

బాబుకు నచ్చింది ట్రెయిల్ ఆఫ్ టైమ్. రిమ్ ట్రెయిల్లోనే ఒక భాగం. ఒక మీటరు నడిస్తే 10 లక్షల సంవత్సరాలు నడిచినట్టు లెక్క. దారి పక్కన ఆయా కాలాల రాళ్లు పెట్టి ఉంటాయి, తాకి చూడొచ్చు. వాడు నడుస్తూ నడుస్తూ ఆగి, "అమ్మా, నా పదకొండేళ్లు ఎంత దూరం?" అన్నాడు. లెక్కవేస్తే వెంట్రుక మందం కూడా లేదు. వాడు చాలాసేపు ఆ నేలనే చూస్తూ నిలబడ్డాడు.

కాగితాల పని గురించి ఒక్క ముక్క. పిల్లల పాస్‌పోర్ట్ మనదాని మాదిరి పదేళ్లు ఉండదు, అయిదేళ్లే. నాకు ఆ సంగతి తట్టక, వీసా ఫారం నింపేటప్పుడు చూస్తే పాపది గడువు దగ్గరపడింది. మళ్లీ చేయించేదాకా కంటికి నిద్ర లేదు. టికెట్ల కంటే ముందు ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ బయటకు తీసి, ప్రయాణం తేదీ నుంచి కనీసం ఆరు నెలలు గడువు ఉందో లేదో చూసుకోండి. పెద్దవాళ్ల మందులు, డాక్టర్ చీటీతో సహా, చేతి సంచిలోనే ఉండాలి.

ఇంక మన గండికోటకు వద్దాం. దీన్ని ఇండియా గ్రాండ్ కాన్యన్ అంటుంటారు. సైజు చూస్తే మనది చాలా చిన్నది, లోతు సుమారు మూడు వందల అడుగులు. కానీ ఒక సంగతి తెలిసినప్పటి నుంచి నాకు ఈ బండలంటే గౌరవం పెరిగింది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాళ్ల కుటుంబానికి మన కడప పేరే పెట్టారు. అందులో ఒక పొర పేరు గండికోట క్వార్ట్‌జైట్. వీటి వయసు వంద కోట్ల సంవత్సరాలకు పైమాటే. గ్రాండ్ కాన్యన్లో మేము కూర్చున్న పైఅంచు సున్నపురాయి వయసు దాదాపు 27 కోట్లు. అంటే ఇప్పుడు అమ్మ కూర్చున్న బండ దానికంటే ఎంతో పెద్దది!

చాలామంది గండికోట, బెలుం గుహలు, యాగంటి ఒకే రోజులో కలిపేస్తారు. దయచేసి అట్లా చేయకండి. బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్నవి. జనం చూసే భాగమే కిలోమీటరున్నర ఉంటుంది. లోపల ఉక్క, వంగి నడవాల్సిన చోట్లూ ఉన్నాయి. దానికి ఒక రోజు ఇవ్వండి. గండికోటకు ఒక సాయంత్రం, ఒక రాత్రి, ఒక పొద్దున ఇవ్వండి.

మేము నిన్న మధ్యాహ్నం మూడింటికి వచ్చాం. జమ్మలమడుగు దాకా రైలు ఉంది, అక్కడి నుంచి ఆటోలు దొరుకుతాయి. పర్యాటక శాఖ హోటల్ ఉంది. శని, ఆదివారాలకు ముందే బుక్ చేసుకోండి. తిండికి ఇక్కడ ఎక్కువ ఏర్పాట్లు ఉండవు. మేము చిత్రాన్నం, చెనిక్కాయల పొడి, నిప్పట్లు ఇంటి నుంచే తెచ్చుకున్నాం. వానలు వెనకబట్టాక, అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో పెద్దవాళ్లతో వద్దు. ఈ బండలు అట్లా కాలుతాయి.

ఒక హెచ్చరిక. అంచున చాలా చోట్ల రెయిలింగ్ లేదు. పిల్లలకు నేను పెట్టిన గీత, అవ్వ కూర్చున్న బండ. దాన్ని దాటి ఒక్క అడుగు కూడా వేయకూడదు. ఫొటో కోసం అంచుకు పోయి వెనక్కు నడిచేవాళ్లను నిన్న కూడా చూశాను. చూస్తుంటేనే గుండె జారింది. దయచేసి అది చేయకండి.

నిన్న సాయంత్రం పిల్లలకిచ్చిన పని చెప్తాను. జూనియర్ రేంజర్ పుస్తకం ఇక్కడ ఇవ్వరు కదా, నేనే తయారు చేశాను. ఇదిగో, ఇది రెండు వందల పేజీల మామూలు నోట్‌బుక్. మాధవరాయ స్వామి గుడి గోపురానికి ఎన్ని అంతస్తులు, ధాన్యాగారం గోడ ఎన్ని జానల మందం, మసీదు ముంగిట నిలబడితే ఏ పక్షి కూత వినిపిస్తుంది, ఇట్లాంటి ప్రశ్నలు. 

బాబు ట్రెయిల్ ఆఫ్ టైమ్‌ను ఇక్కడ వాడే వేసుకున్నాడు. ఒక అడుగు అంటే ఒక సంవత్సరం. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి రత్నాల వ్యాపారి, కోట అప్పటికి గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతిలో ఉండగా, ఇక్కడికి వచ్చాడు. బాబు మసీదు దగ్గర 1652 అని మొదలుపెట్టి పైకే లెక్కపెడుతూ నడిచాడు. మూడు వందల అడుగులు దాటాక అవ్వ పుట్టిన సంవత్సరం వచ్చింది, అక్కడ ఒక రాయి పెట్టాడు. తాను పుట్టిన సంవత్సరం దగ్గర ఇంకో రాయి. రెండింటికీ మధ్య యాభై ఆరు అడుగులు. అమ్మ ఆ యాభై ఆరు అడుగులూ వాడి చెయ్యి పట్టుకుని నడిచింది. "ఈడ మీ అమ్మ పుట్టింది, ఈడ మీ తాత అంగడి పెట్టినాడు, ఈడ ప్రొద్దుటూరికి వచ్చినాము" అని ఒక్కో అడుగుకూ ఒక్కో సంగతి చెప్పింది. వాటిల్లో కొన్ని నేను కూడా ఎప్పుడూ వినలేదు. మోకాళ్ల నొప్పి అనలేదు.

రాత్రి పడుకునేముందు అందరం తలా రెండు వాక్యాలు ఇదే నోట్‌బుక్‌లో రాశాం. అమ్మ చెప్తుంటే పాప రాసింది. ఇంటికి పోయాక వారంలోపల ఇరవై ఫొటోలు ఏరి ప్రింట్ వేయించి, ఇందులోనే అంటిస్తాను. ఫోన్లో వెయ్యి ఉన్నా ఎవరూ తీసి చూడరు. గ్రాండ్ కాన్యన్ నోట్‌బుక్ మా ఇంటికొచ్చిన చుట్టాలందరూ చదివారు.

తూర్పున ఎర్రబడుతోంది, చూశారా? కింద నీళ్లు ఇప్పుడు కొంచెం కొంచెంగా కనపడుతున్నాయి. పాప లేచి నిలబడింది. అవ్వ చెయ్యి పట్టుకుని కూర్చోబెడుతోంది. బాబు పెన్ను తీశాడు.

నేను మైకు ఆపేస్తున్నాను. కెమెరా మాత్రం ఆన్‌లోనే ఉంటుంది, మీరూ చూడండి.