వాసనకు కెమెరా పెట్టడం

అందరికీ నమస్కారం.

సబ్బు అమ్మేవాళ్లు నురగ చూపిస్తారు. కారు అమ్మేవాళ్లు ఘాట్ రోడ్డు మలుపులు చూపిస్తారు. సెంటు అమ్మేవాళ్లకు సీసా తప్ప చూపించడానికి ఏముంది? వాసన తెరకెక్కదు కదా. అందుకే పెద్ద పెర్ఫ్యూమ్ కంపెనీలు పేరున్న సినిమా దర్శకుల తలుపు తడతాయి. ఇంకో సంగతి కూడా ఉంది. ప్యారిస్ ఫ్యాషన్ కంపెనీ షనెల్ గౌను కొనగలిగేవాళ్లు ఎక్కడో కొద్దిమంది. అదే పేరున్న సెంటును మాత్రం నెలజీతం మీద బతికేవాళ్లు కూడా ఏ పెళ్లిరోజుకో కొనుక్కోగలరు. కాబట్టి ఆ పేరు చుట్టూ మెరుపు తగ్గకూడదు.

ఆ కంపెనీ సెంటు షనెల్ నెంబర్ 5 పుట్టింది 1921లో. దానికి 1979లో హాలీవుడ్ దర్శకుడు రిడ్లీ స్కాట్ ఒక యాడ్ తీశారు. ఆయన సినిమా 'ఏలియన్' విడుదలైన సంవత్సరమే అది. ఈత కొలను. గట్టున ఒక స్త్రీ. మీదుగా విమానం నీడ జారిపోతుంది. అవతలి గట్టు నుంచి ఒకడు నీళ్లలోకి దూకి, ఆమె ముందు తేలి, మాయమైపోతాడు. అంతే, కథ లేదు. ఎండ, నీళ్లు, ఒక నీడ. వాసన కూడా అలాగే కదా వచ్చేది: చెప్పకుండా వచ్చి, పట్టుకునేలోగా పోతుంది. స్కాట్ యాడ్ రంగంలోనే ఆరితేరిన మనిషి. క్షణాల్లో పని ముగించడం ఆయనకు అలవాటే.

అదే సెంటుకు 2004లో దర్శకుడు బాజ్ లూర్‌మన్ వచ్చారు. నటి నికోల్ కిడ్‌మన్, ఈకల గౌను, వెంటపడే ఫొటోగ్రాఫర్లు, టాక్సీలో ఎదురైన పేద రచయిత, మేడ మీద ప్రేమ. ఖర్చు 3.3 కోట్ల డాలర్లని చెబుతారు; గిన్నిస్ పుస్తకంలోకీ ఎక్కింది. కళ్లు చెదురుతాయి, ఒప్పుకుంటాను. కానీ అది సినిమా ట్రైలర్‌లా ఉంటుంది, సెంటు ఊసే గుర్తురాదు. ఇక 2012లో దర్శకుడు జో రైట్ నటుడు బ్రాడ్ పిట్‌ను నిలబెట్టి మాట్లాడించారు. నెంబర్ 5కు ప్రచారం చేసిన మొదటి మగవాడు ఆయనే. ఆయన ఏం చెప్పారో నాకైతే ఇప్పటికీ అంతుపట్టలేదు. అమెరికన్ టీవీ కామెడీ వాళ్లు మాత్రం పండగ చేసుకున్నారు.

స్కార్సెసీ, డేవిడ్ లించ్, సోఫియా కొప్పోలా, వాంగ్ కర్-వాయ్... ఈ పేరున్న దర్శకులందరూ ఈ పని చేసినవాళ్లే. డబ్బు కోసం దిగజారారని విమర్శించేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. సరుకు గుణం వివరించే బాధ్యత నెత్తిన పెట్టని నిర్మాత ఏ దర్శకుడికి దొరుకుతాడు?

ఆ స్వేచ్ఛను పూర్తిగా వాడుకున్నది దర్శకుడు స్పైక్ జోన్జ్. కెంజో వరల్డ్ అనే సెంటు కోసం, 2016లో. పెద్దమనుషుల విందు, ఆకుపచ్చ గౌనులో నటి మార్గరెట్ క్వాలీ. ప్రసంగాలు భరించలేక (నన్ను చూడకండి) బయటికొస్తుంది. ఒంటరిగా నిలబడగానే ముఖం వంకర్లు పోతుంది, తర్వాత ఒళ్లంతా. అద్దాల ముందు, మెట్ల మీద, పూనకం వచ్చినట్టు ఆడుతుంది. రయాన్ హెఫింగ్టన్ కూర్చిన ఆ నాట్యంలో అందంగా కనిపించాలన్న తాపత్రయం లేదు. చివరికి పూలతో చేసిన పెద్ద కన్నులోంచి దూకేస్తుంది. అత్తరు పూసుకోవడం, ఎవరో దగ్గరికొచ్చి మెడ వాసన చూడడం, అవేవీ లేవు. తలలోకి ఏదో ఎక్కితే ఒంటికి ఏమవుతుందో అదొక్కటే ఉంది.

ఇప్పుడు స్కాట్‌దీ, జోన్జ్‌దీ వెంటవెంటనే వేస్తున్నాం. చూశాక లూర్‌మన్ పక్షాన వాదించదలచినవాళ్లు మైకు దగ్గరికి రండి.