కాంకాలజీ అనే మాటకు హద్దు ఎక్కడ?

నమస్కారం. నత్తల గురించి గాని, ఆల్చిప్పల గురించి గాని ఏ సంగతి చెప్పినా దానికి కాంకాలజీ అని పేరు పెట్టడం చాలాచోట్ల కనిపిస్తుంది. నిజానికి ఆ మాట పరిధి అంత విశాలమైనది కాదు.

గ్రీకు భాషలో ‘కాంకే’ అంటే గుల్ల. ఆ మాట నుంచి పుట్టిన కాంకాలజీ, నత్తలు, ఆల్చిప్పలు చేరే మొలస్కా వర్గపు జీవుల కర్పరాలను, అంటే గుల్లలను అధ్యయనం చేసే శాస్త్రం. తాబేటి డిప్పతోను, పీత పెంకుతోను దీనికి సంబంధం లేదు. గుల్లతోపాటు అందులో బతికే మెత్తని ప్రాణిని కూడా కలిపి చదివే శాస్త్రం మలకాలజీ. గ్రీకులో ‘మలకోస్’ అంటే మెత్తనిది. గుల్ల లేని ఆక్టోపస్‌కు అందులో చోటుంది, కాంకాలజీలో లేదు.

గుల్లను మాత్రమే చూస్తే ఎలా పొరపడతామో, సముద్రపు రాళ్లకూ ఓడల అడుగుకూ అంటుకొని బతికే బార్నకిల్‌ అనే చిన్న ప్రాణి చరిత్ర చెబుతుంది. 1758లో జీవులను వర్గీకరించిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దానికి గట్టి పెంకు ఉన్నందువల్ల ఆల్చిప్పల సరసన చేర్చాడు. 1830లో జీవశాస్త్ర పరిశోధకుడు జాన్ వాన్ థాంప్సన్ దాని డింభక (లార్వా) దశలను పరిశీలించి, అది రొయ్యలకూ పీతలకూ బంధువని చూపించాడు.

అయితే ఈ కారణంతో కాంకాలజీని తక్కువ చేయడం సరికాదని నా అభిప్రాయం. సముద్రపు రాళ్లను అంటిపెట్టుకొని ఉండే లింపెట్‌, సైఫనేరియా అనే నత్త జాతి ప్రాణులు పైనుంచి చూస్తే రెండూ చిన్న టోపీల్లాగే ఉంటాయి, కాని మొదటిది మొప్పలతో శ్వాసిస్తుంది, రెండోదానికి గాలి పీల్చుకునే గది ఉంటుంది. గుల్లను తిరగేసి చూస్తే, కండరం అతుక్కున్న గుర్రపు నాడా ఆకారపు మచ్చ లింపెట్‌లో తల ఉండే ముందువైపు తెరుచుకొని ఉంటుంది. సైఫనేరియాలో గాలి లోపలికి వెళ్లే కుడిపక్కన తెగి ఉంటుంది. ప్రాణి పోయాక కూడా దాని శ్వాస జాడ గుల్ల మీద మిగలడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

శిలాజాల దగ్గర కాంకాలజీ అనే మాట పూర్తిగా సార్థకమవుతుంది. ఎప్పుడో అంతరించిపోయిన, గుల్ల ఉన్న సముద్ర జీవులైన అమ్మోనైట్ల మెత్తని శరీరం దాదాపుగా ఎక్కడా మిగలలేదు కాబట్టి, లోపలి గదుల అడ్డుగోడలు గుల్లను తాకిన చోట ఏర్పడిన వంకర గీతలు, గుల్ల ఆకారం వంటివాటిని బట్టే వాటి రకాలను వేరుచేస్తారు.