మన పసిరిక పాముకు శ్రీలంక పేరెందుకు?

నమస్కారం. మన కంచెల మీద, గోరింట పొదల్లో కనిపించే పసిరిక పామును ఇన్నాళ్ళూ శాస్త్రీయంగా అహెతుల్లా నాసుటా అని పిలిచాం, కానీ అది నాసుటా కానే కాదు. శాస్త్రవేత్త అశోక్ కుమార్ మల్లిక్ బృందం 2020లో జన్యువులను, పొలుసులను, ముక్కు పొడవును పోల్చి ప్రచురించిన పరిశోధనతో ఆ పేరు శ్రీలంకకే పరిమితమైంది. ద్వీపకల్పపు మైదానాలలో ఉండేది అహెతుల్లా ఆక్సిరింకా. 1825లో ఆంగ్ల జంతుశాస్త్రవేత్త థామస్ బెల్ పెట్టిన ఈ పేరు ఇన్నాళ్ళూ నాసుటాలో కలిసిపోయి మరుగున పడి ఉంది. పశ్చిమ కనుమలలో ఉత్తరాన బోరియాలిస్, దక్షిణాన ఇసబెల్లినా వేరు జాతులు.

అయినా నేటికీ వీడియోలలోను, పోస్టర్లలోను నాసుటా అనే రాస్తున్నారు. పేరు మారితే పాము మారుతుందా అని అడిగేవారికి నా జవాబు వినండి. లంక నుంచి మహారాష్ట్ర దాకా ఒకే జాతి ఉందనుకుంటే, ఏదో ఒక కొండ మీద అది కనుమరుగైనా మిగతా చోట్ల ఉందిలే అని ఊరుకుంటాం. ఆ కొండ తప్ప దానికి వేరే చోటు లేదని తెలిస్తే ఊరుకోగలమా?

విశాఖపట్నంలో ఉండి పాములను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్, అంటే రక్తపింజరికి ఇంగ్లీషులో ఎవరి పేరు ఉందో ఆయనే, 1796లో అచ్చయిన కోరమాండల్ తీరపు పాముల గ్రంథంలో పసిరిక పాము బొమ్మ వేయించి, మనవాళ్ళు పిలిచే పేరుతోనే నమోదు చేశాడు. అంతటి చరిత్ర ఉన్న మన తీరపు పాముకు లంక పాము పేరు తగిలించడం నాకు మింగుడు పడదు.

ఇంతకాలం ఈ పొరపాటు సాగడానికి కారణం భయమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ పాము కళ్ళు పొడుస్తుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. అది కూర్చునే కొమ్మ తరచుగా మన ముఖం ఎత్తులోనే ఉంటుంది. బెదిరితే నోరు బార్లా తెరిచి, మెడను ఉబ్బించి, ఆకుపచ్చ పొలుసుల సందుల్లోని నలుపు తెలుపు చర్మాన్ని చూపిస్తూ ముందుకు దూకుతుంది. అలా పుట్టిన భయం వల్లనే దగ్గరగా చూసినవారు తక్కువ. చూసి ఉంటే అడ్డంగా సాగిన తాళపు కన్నం వంటి కనుపాప, ఎదుటి తొండ మీద రెండు కళ్ళూ గురి నిలిపేందుకు ముక్కు పొడవునా ఉన్న గాడి, జాతికో తీరున సాగిన ముక్కు కొన ఎప్పుడో కనిపించేవి. మ్యూజియంలలో చూద్దామన్నా, ఆల్కహాల్‌లో పెట్టిన ఆకుపచ్చ పాము పసుపు వర్ణకం కరిగిపోయి నీలంగా మారుతుంది.

దీని విషపు కోరలు పైదవడలో వెనుక వైపు ఉంటాయి కాబట్టి, కరిచి పట్టుకొని నమిలితేనే విషం సరిగా దిగుతుంది. తొండకు, కప్పకు అది చాలు. మనిషికి సాధారణంగా నొప్పి, వాపు వచ్చి కొద్ది రోజుల్లో తగ్గుతాయి. మన దేశపు విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి కోసం తయారైనది, దీనికి పనికిరాదు. అయితే కరిచింది ఏ పామో తేల్చుకోలేకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, ఎందుకంటే తూర్పు కనుమల వెదురు పొదల్లో పచ్చగానే ఉండే పింజరి జాతి కూడా ఉంది.