బెత్తెడు జరిపి చూడండి

శ్రోతలకు నమస్కారం. ఫోన్‌లో నాలుగు గీతలు కనిపించగానే సిగ్నల్ బాగుందనుకుంటాం. ఆ గీతల్ని నమ్మకండి. ఏ గీతకు ఎంత బలమో ఒక్కో ఫోన్ ఒక్కోలా లెక్కేసుకుంటుంది. అసలు సంగతి సిగ్నల్ బలాన్ని చెప్పే డీబీఎం అనే అంకెలో ఉంది. అది మైనస్‌లో ఉంటుంది; మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ బలం తగ్గినట్టు. వైఫైలో మైనస్ 50 ఉంటే భేషు. మైనస్ 70తో సరిపెట్టుకోవచ్చు. మైనస్ 85కి దిగిందా, వీడియో కాల్‌లో మనవడి మొహం బిగుసుకుపోతుంది. మైనస్ 50 కాస్తా మైనస్ 60 అయితే బలం పదో వంతుకు పడిపోయినట్టు. మైనస్ 70 అయితే నూరో వంతుకు!

ఆరుబయట లెక్క సులువు. అడ్డేమీ లేకపోతే దూరం రెట్టింపైనప్పుడు బలం నాలుగో వంతవుతుంది. ఊళ్లోకి వస్తే ఆ లెక్క చెదురుతుంది. అందుకే జపాన్‌లో ఒకుమురా అనే ఇంజనీరు బృందం టోక్యో చుట్టుపక్కల తిరిగి సిగ్నల్ బలం కొలిచి, 1968లో ఫలితాలు ప్రచురించింది. సెల్ టవర్ల లెక్కలకు చాలాకాలం అవే ఆధారం.

ఇక ఇంట్లో సంగతి. పోయిన ఆదివారం మా ఇల్లు నేనే కొలిచాను. ఈ అంకె చూపించే యాప్, ఉచితంగా దొరికేదే చాలు. హాల్లో రౌటర్ ఎదుట మైనస్ 42. వంటింటి గుమ్మంలో 58. వెనక గదిలో, అమ్మ ఇనప బీరువా పక్కన బల్ల మీద, 79. సరే, గోడలున్నాయి, బీరువా ఉంది అనుకున్నాను. ఊరికే ఫోన్‌ను బెత్తెడు పక్కకు జరిపాను. 68! మరో బెత్తెడు జరిపాను. మళ్లీ 77.

బెత్తెడంటే బెత్తెడే, నాలుగు వేళ్ల వెడల్పు. మా రౌటర్ పంపే రేడియో తరంగం 2.4 గిగాహెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 240 కోట్ల సార్లు ఊగుతుంది. ఆ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. తిన్నగా వచ్చిన తరంగం, బీరువాకు తగిలి తిరిగొచ్చిన తరంగం ఒకచోట కలిసి బలపడతాయి. దాదాపు బెత్తెడు దూరంలో ఒకదాన్నొకటి చంపుకుంటాయి. చిన్నప్పుడు స్టేషన్ కోసం ట్రాన్సిస్టర్‌ను అటూ ఇటూ తిప్పిన మీకు ఇది వింతేమీ కాదు. అక్కడ కారణం వేరనుకోండి.

కాబట్టి ఒక్కచోట చూసి తీర్పు చెప్పకండి. మీరు రోజూ కూర్చునే చోటే ఫోన్ పెట్టండి. చేత్తో పట్టుకోవద్దు, మన ఒళ్లు కూడా సిగ్నల్‌ను మింగుతుంది. పది సెకన్లు ఆగి అంకె రాసుకోండి. బెత్తెడు జరపండి, మళ్లీ రాయండి. అలా ఐదుసార్లు. ఆ అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి, అందులో నడిమి అంకె తీసుకోండి. ఆ తర్వాతే రౌటర్ జరిపి, మళ్లీ ఐదుసార్లు.

మా రౌటర్ టీవీ వెనక నేల మీద ఉండేది. అలమర పైకెక్కించాను. వెనక గదిలో నడిమి అంకె 77 నుంచి 66కి వచ్చింది. బీరువా కూడా జరిపితే ఇంకాస్త మెరుగయ్యేదేమో కానీ, అమ్మ దాని మీద చెయ్యి వేయనివ్వలేదు.