సేవ్ కొట్టాక ఫైల్లోకి వెళ్ళనివి

అందరికీ నమస్కారం.

ముందు ఒక మాట సర్దుకుందాం. లోడ్ అనే మాటకి మన పనిలో ఇప్పటికే ఒక అర్థం ఉంది. ఫీడర్ మీద లోడ్, ఫైలు లోడ్ చెయ్యడం రెండూ ఒకే వాక్యంలో పడితే చెప్పేవాడికీ వినేవాడికీ తికమకే. అందుకని ఈ పూట లోడ్ అంటే కరెంటు వాడకమే. ఫైలు విషయంలో తెరవడం అంటాను.

ఇక్కడ ఒడిశా జయపురంలో కూర్చుని గ్రిడ్ మోడల్, అంటే కరెంటు వ్యవస్థను కంప్యూటర్‌లో లెక్క కట్టే బొమ్మ, చేసేవాళ్ళకి ఫైళ్ళ బాధ కొంచెం ఎక్కువే. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రమే తీసుకోండి. ఆరు యూనిట్లు, 120 మెగావాట్లు, ఆంధ్ర, ఒడిశా రెండూ వాటాదారులు. జయపురం నుంచి 400 కేవీ డబుల్ సర్క్యూట్ లైన్ గాజువాకకి వెళ్తుంది. అక్కడ బ్యాక్ టు బ్యాక్ కన్వర్టర్, అంటే ఏసీని డీసీ చేసి అక్కడే మళ్ళీ ఏసీ చేసేది, 500 మెగావాట్ల చొప్పున రెండు బ్లాకులు. దానికి ఇటువైపు తూర్పు గ్రిడ్, అటువైపు దక్షిణ గ్రిడ్. మన చుట్టుపక్కల బొమ్మ పూర్తిగా గీయాలంటే రెండు ప్రాంతాల డేటా ఒకే ఫైల్లోకి తేవాలి. తేవడం అంటే ఎవరో సేవ్ చేసింది మనం తెరవడం. తప్పులు దూరేది ఆ సందులోనే.

సేవ్ బటన్ కొట్టగానే తెరమీద ఉన్నదంతా ఫైల్లోకి వెళ్ళిపోయిందని మనం అనుకుంటాం. అలా జరగదు. మీ లెక్కకి కావలసిన విషయాలు మూడు చోట్ల ఉంటాయి. బస్సులు, అంటే లైన్లు వచ్చి కలిసే కడ్డీలు, ఆ లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు ఫైల్లో ఉంటాయి. కొన్ని సెట్టింగులు మీ కంప్యూటర్‌లో, సాఫ్ట్‌వేర్ తనకోసం దాచుకున్న చోట ఉంటాయి. మరికొన్ని ఆ పూటకి మెమరీలో మాత్రమే ఉండి, కిటికీ మూయగానే పోతాయి. ఏది ఎక్కడుందో తెలియకపోతే, మీ దగ్గర సరిగ్గా వచ్చిన లెక్క పక్క టేబుల్ మీద తప్పుగా వస్తుంది. ఫైలు మాత్రం ఒకటే.

ఓపెన్‌డీఎస్‌ఎస్ చూడండి. పంపిణీ ఫీడర్ల పనికి చాలామంది వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. అమెరికాలో పుట్టింది కాబట్టి దాని మామూలు ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్. మనది 50. డిఫాల్ట్‌బేస్‌ఫ్రీక్వెన్సీ అనే సెట్టింగును ఒకసారి 50 చేస్తే, ప్రోగ్రాం మూసేటప్పుడు ఆ కంప్యూటర్‌లోనే దాన్ని గుర్తు పెట్టుకుంటుంది. మర్నాటి నుంచి మీకు అంతా బాగానే ఉంటుంది. అదే ఫైలు రాయగడలో మీ స్నేహితుడికి పంపారు. అతని మెషీన్‌లో అది ఇంకా 60. మీరిచ్చిన లైన్ కోడ్‌లో, అంటే లైన్ గుణాలు రాసిన వరుసలో, కిలోమీటరుకి 0.4 ఓమ్ రియాక్టెన్స్, అంటే ఫ్రీక్వెన్సీతో పెరిగే అడ్డు, ఉంది, అది 50 హెర్ట్జ్ దగ్గర కొలిచింది. అతని దగ్గర ఆ లైన్ కోడ్‌కి బేస్ 60 అని పడింది. అతను సొల్యూషన్ ఫ్రీక్వెన్సీ మాత్రం 50 పెట్టి నడిపాడు. అప్పుడు ప్రోగ్రాం పద్ధతిగా 0.4 ని 50/60 తో గుణించి 0.333 చేస్తుంది. వోల్టేజీ డ్రాప్ తగ్గినట్టు కనిపిస్తుంది, ఎర్రర్ ఏదీ రాదు. ఫీడర్ చివర వోల్టేజీ మంచిగా ఉందని అతను సంతోషిస్తాడు కూడా. మందు చిన్నదే: ఫైల్లో క్లియర్ వరుస తరవాత, కొత్త సర్క్యూట్ వరుస కంటే ముందు, డిఫాల్ట్‌బేస్‌ఫ్రీక్వెన్సీ 50 అని ఒక వరుస రాసెయ్యండి. అప్పుడు ఆ సెట్టింగు ఫైలుతోపాటే ప్రయాణిస్తుంది. పాండాపవర్ అనే పైథాన్ సాఫ్ట్‌వేర్‌లో ఈ గొడవ లేదు. ఖాళీ నెట్‌వర్క్ తయారు చేసేటప్పుడే 50 హెర్ట్జ్ దాని మామూలు విలువ, అది నెట్‌వర్క్‌లోనే ఉంటుంది, అక్షరాల్లో ఉండే జేసన్ ఫైల్లోకి కూడా వెళ్తుంది. జర్మనీలో పుట్టింది కదా, వాళ్ళదీ మనదీ 50.

ఓపెన్‌డీఎస్‌ఎస్‌లోనే ఇంకో సంగతి. కంపైల్, రీడైరెక్ట్ అని రెండు ఆదేశాలు, రెండూ వేరే ఫైలును చదివేవే. కంపైల్ చేస్తే ప్రోగ్రాం ఆ ఫైలు ఉన్న ఫోల్డర్‌లోకి మారి, అక్కడే ఉండిపోతుంది. రీడైరెక్ట్ చదివేసి పాత ఫోల్డర్‌కి తిరిగొస్తుంది. అందువల్ల మాస్టర్ ఫైలును కంపైల్‌తోనూ, దాని లోపలి చిన్న ఫైళ్ళను రీడైరెక్ట్‌తోనూ తెరవాలి. లోపల కూడా కంపైల్ వాడితే మూడో ఫైలు దగ్గరికి వచ్చేసరికి 'ఫైలు దొరకలేదు' అంటుంది, ఫైలేమో కళ్ళెదుటే ఉంటుంది. ఫైలు దారి ఎప్పుడూ మాస్టర్ ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కపెట్టి రాయండి. సీ డ్రైవ్ నుంచి, మీ పేరున్న ఫోల్డర్ మీదుగా పూర్తి దారి రాస్తే అది మీ కంప్యూటర్‌కే చెల్లుతుంది. పైథాన్ వాడేవాళ్ళు దారిలో వెనక్కి వాలిన గీత పెడితే ఇంకో ముప్పు. ఆ గీత పక్కన చిన్న 'టీ' వస్తే ట్యాబ్, చిన్న 'ఎన్' వస్తే కొత్త వరుస అనుకుంటుంది. టెస్ట్ అనీ న్యూ అనీ ఫోల్డర్లకి పేరు పెట్టనివాడెవడు? ముందుకు వాలిన గీత వాడితే విండోస్‌లో కూడా పని జరుగుతుంది.

ఇప్పుడు పెద్ద గ్రిడ్ సంగతి, దానికి వాడే పీఎస్‌ఎస్‌ఈ అనే సాఫ్ట్‌వేర్. ఇందులో సేవ్ చేసే దారులు రెండు. సేవ్డ్ కేస్ బైనరీ ఫైలు. అది త్వరగా తెరుచుకుంటుంది కానీ మనం చదవలేం, కొత్త వెర్షన్‌లో దాచినదాన్ని పాత వెర్షన్ తెరవదు. రెండోది రా ఫైలు, అక్షరాల్లో ఉంటుంది, నోట్‌ప్యాడ్‌లో చదువుకోవచ్చు. పక్కవాళ్ళకి పంపేది ఎక్కువగా ఇదే. దీని మొదటి వరుస చాలా ముఖ్యం. మొదటి అంకె సున్నా అయితే ఇది కొత్త కేసు, పాతది చెరిపి తెరువు అని అర్థం. ఒకటి అయితే ఇప్పటికే తెరిచి ఉన్న కేసుకి దీన్ని కలుపు అని. రెండో అంకె బేస్ ఎంవీఏ, అంటే మిగతా విలువలను పోల్చే కొలబద్ద, మూడోది రివిజన్, అంటే ఫైలు పద్ధతి నంబరు, చివరిది ఫ్రీక్వెన్సీ. ఫైలు చేతికి రాగానే నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఈ వరుస చూడకుండా ముందుకి వెళ్ళొద్దు. బేస్ 100 అనుకున్నచోట 1000 ఉంటే ఏమవుతుందో లెక్కేసుకోండి. 220 కేవీ దగ్గర 100 ఎంవీఏ బేస్ మీద బేస్ ఇంపిడెన్స్ 484 ఓమ్‌లు. 100 కిలోమీటర్ల లైన్ 40 ఓమ్‌లు అయితే, 484 తో భాగించి 0.0826 పర్ యూనిట్, అంటే బేస్‌లో అంత వంతు. ఆ 0.0826 నే 1000 బేస్ మీద చదివితే లైన్ 4 ఓమ్‌లై కూర్చుంటుంది, అంటే 100 కిలోమీటర్లది పదికి కుదించుకుపోయినట్టు.

రివిజన్ అంకె కూడా ఊరికే లేదు. 33వ రివిజన్ రా ఫైల్లో సొల్యూషన్ సెట్టింగులకి చోటు లేదు, 34 నుంచి వాటికి మొదట్లో ప్రత్యేక వరుసలు వచ్చాయి. జీరో ఇంపిడెన్స్ హద్దు అనేది అందులో ఒకటి, మామూలుగా 0.0001 పర్ యూనిట్. రెసిస్టెన్స్ సున్నా ఉండి, రియాక్టెన్స్ ఆ హద్దు దాటకపోతే ఆ లైన్‌ను ప్రోగ్రాం ఉత్త కడ్డీలాగా చూసి, రెండు బస్సులనూ ఒకటి చేస్తుంది. 400 కేవీ దగ్గర 1 కిలోమీటరు ముక్క, 0.33 ఓమ్, 100 ఎంవీఏ మీద బేస్ ఇంపిడెన్స్ 1600 తో భాగిస్తే సుమారు 0.0002. హద్దుకి అటూ ఇటూ ఊగే అంకె ఇది. దీన్ని ఎవరైనా ఎక్సెల్‌లోకి తీసుకెళ్ళి, మూడు దశాంశాలు చూపించి, సీఎస్‌వీగా, అంటే గళ్ళను కామాలతో విడదీసే అక్షరాల ఫైలుగా, దాచారనుకోండి, 0.000 అయిపోతుంది. సీఎస్‌వీలో ఎక్సెల్ రాసేది తెరమీద కనిపించిన అంకె, లోపలున్న అంకె కాదు. సీఎస్‌వీ దాచే ముందు ఆ గళ్ళకి కనీసం ఆరు దశాంశాలు పెట్టండి.

ఎక్సెల్ ప్రసక్తి వచ్చింది కాబట్టి ఇంకో రెండు చెప్పేస్తాను. మన లక్షల కామాలు. వోల్టేజీని వోల్టుల్లో 1,32,000 అని రాసి సీఎస్‌వీగా పంపితే, కామా దగ్గర గడి విరిచే ప్రోగ్రాంకి అది 1, 32, 000 అనే మూడు గళ్ళు. ఆ వరుసలో తరవాతివన్నీ రెండు గళ్ళు జరిగిపోతాయి. 132 అని కేవీలో రాస్తే గొడవే లేదు. రెండోది, సర్క్యూట్ గుర్తు 1-2 అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీ చేసేస్తుంది. ఆ నిలువు వరుసను ముందే టెక్స్ట్ చేసి, ఆ తరవాతే అంకెలు కొట్టాలి.

ఇక మన సరిహద్దు జబ్బు, పేర్లు. జయపురం ఇంగ్లిష్‌లో ఒకలా, ఒడియావాళ్ళు పలికేది ఒకలా, రాజస్థాన్ జైపూర్‌తో కలిసిపోయేలా ఇంకొకలా. బరంపురం, బ్రహ్మపూర్ ఒకటే ఊరు. పర్లాకిమిడికి ఎన్ని స్పెల్లింగులో లెక్కలేదు. పీఎస్‌ఎస్‌ఈ పాత రివిజన్లలో బస్ పేరుకి పన్నెండు అక్షరాలే చోటు. గాజువాక దగ్గర కన్వర్టర్‌కి రెండువైపులా రెండు బస్సులు ఉండాలి, రెండూ 400 కేవీ, రెండూ గాజువాకే. తూర్పు, దక్షిణం అని చివర్న రాసిన గుర్తు పన్నెండు దాటితే తెగిపోతుంది. అప్పుడు పేరు చూసి కలిపే స్క్రిప్ట్ ఏదైనా ఆ రెంటినీ ఒకే బస్సు చేస్తుంది. కన్వర్టర్ రెండు కొసలూ ఒకే చోట పడతాయి, తూర్పూ దక్షిణమూ ఏసీతో నేరుగా అతుక్కుంటాయి. అన్నిటికన్నా చెడ్డ విషయం, లోడ్‌ఫ్లో, అంటే ఏ లైన్లో ఎంత కరెంటు పోతుందో తేల్చే లెక్క, కన్వర్జ్ అవుతుంది, అంటే జవాబుకి చేరుతుంది. 2013 డిసెంబర్ 31న సోలాపూర్-రాయచూర్ 765 కేవీ లైన్‌తో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో ఏసీలో కలిసింది కాబట్టి, మోడల్‌కి ఆ అతుకు అసహజంగా అనిపించదు. కలిపేటప్పుడు బస్ నంబర్ చూసి కలపండి, పేరు మనుషులు చదువుకోడానికే. తూర్పు, దక్షిణం గుర్తును పేరు మొదట్లో పెట్టండి.

అదే తేదీ వల్ల ఇంకో చిక్కు. 2013 కి ముందు తయారైన ఫైళ్ళలో దక్షిణానికి విడిగా ఒక స్లాక్ బస్, అంటే లెక్కలో లోటు భరించే బస్, ఉంటుంది, అప్పుడు అది వేరే సింక్రనస్ గ్రిడ్ కాబట్టి ఉండాలి కూడా. దాన్ని ఇప్పటి కేసుకి కలిపితే ఒకే ఏసీ గ్రిడ్‌లో రెండు స్లాకులు. లోటు రెండుచోట్ల నుంచీ తెచ్చుకుని లెక్క పూర్తవుతుంది, లైన్ల మీద ఫ్లో మాత్రం నిజం కాదు. కలిపాక ఏరియా ఇంటర్‌ఛేంజ్, అంటే ప్రాంతాల మధ్య ఇచ్చిపుచ్చుకునే కరెంటు, చూసేముందు స్లాక్ బస్సులు లెక్కపెట్టండి.

మ్యాట్‌పవర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌కి మార్చేవాళ్ళకి ఒక్క మాట. అందులో డీసీ లైన్ల పట్టిక పెట్టొచ్చు. కానీ టాగిల్ డీసీలైన్ అనే ఫంక్షన్‌తో ఆన్ చెయ్యకపోతే లోడ్‌ఫ్లో ఆ పట్టికను ముట్టుకోదు. ఫైల్లో గాజువాక కన్వర్టర్ కనిపిస్తూనే ఉంటుంది, లెక్కలో ఉండదు.

సేవ్ ఎప్పుడు చెయ్యాలన్నది ఇంకో పెద్ద విషయం. న్యూటన్ రాఫ్సన్ అనే లెక్క పద్ధతి కన్వర్జ్ కాకుండా ఆగిపోయాక మెమరీలో ఉన్న వోల్టేజీలు చెత్త. ఒక బస్ 0.3 పర్ యూనిట్, ఇంకో బస్ కోణం వేల డిగ్రీలు. ఆ క్షణంలో సేవ్ కొట్టినా, ఆటోసేవ్ తనంతట తానే కొట్టినా, ఆ చెత్తే కేసు ఫైల్లోకి వెళ్తుంది. మర్నాడు తెరిచి నడిపితే లెక్క అక్కడినుంచే మొదలవుతుంది, మళ్ళీ పేలుతుంది. లోపం డేటాలో ఉందనుకుని రెండు రోజులు లైన్లు వెతుకుతారు. చిన్న గ్రిడ్ అయితే ఫ్లాట్ స్టార్ట్, అంటే అన్నీ 1.0, కోణాలన్నీ సున్నా పెట్టి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. వేల బస్సులున్న కేసు ఫ్లాట్ స్టార్ట్ నుంచి కన్వర్జ్ కాకపోవచ్చు. అప్పుడు కిందటి మంచి కాపీయే దిక్కు. కాబట్టి మార్పులు చేసేటప్పుడు ఆటోసేవ్‌ను వేరే పేరుకి మళ్ళించండి. మిస్‌మ్యాచ్, అంటే లెక్కలో మిగిలిన తేడా, చూసి, అది మీ టాలరెన్స్‌లో, అంటే ఒప్పుకునే హద్దులో, ఉంటేనే అసలు పేరుతో సేవ్ చెయ్యండి.

కన్వర్జ్ అయిన కేసులోనూ ఒక మాయ ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ మార్చే మెట్టు, అంటే ట్యాప్, సర్దుబాటు ఆన్‌లో ఉంటే, సబ్‌స్టేషన్ నుంచి వచ్చిన ట్యాప్ 9 ని లెక్క 12 కి జరుపుతుంది. సేవ్ చేస్తే 12 నిలుస్తుంది. ఆర్నెల్ల తరవాత ఫైలు తెరిచినవాడికి ఆ 12 మీటర్ చూసి రాసిందో, ప్రోగ్రాం తేల్చిందో తెలియదు. ఫీల్డ్ డేటా ఫైలును ట్యాప్‌లు లాక్ చేసి ఒకటిగా ఉంచండి, సాల్వ్ చేసింది వేరే ఫైలు.

కరెంటు పోవడం గురించి ఈ సభలో చెప్పక్కర్లేదు. మన స్క్రిప్ట్‌లు పాత ఫైలు మీదే నేరుగా రాస్తుంటే, మధ్యలో కరెంటు పోతే సగం ఫైలు మిగులుతుంది, కొన్నిసార్లు సున్నా బైట్లు. ముందు తాత్కాలిక పేరుతో పూర్తిగా రాసి, డిస్క్ మీదకి దింపి, ఆ తరవాతే పేరు మార్చి పాతదాని స్థానంలో పెట్టాలి. పైథాన్‌లో ఎఫ్‌సింక్, తరవాత ఓఎస్ రీప్లేస్, రెండే వరుసలు. తాత్కాలిక ఫైలు అదే డ్రైవ్‌లో ఉండాలి. పెన్‌డ్రైవ్ మీద నేరుగా పని చెయ్యొద్దు. పైథాన్ పికిల్ ఫైళ్ళు తెలియనివాళ్ళ నుంచి వస్తే తెరవొద్దు, తెరిచినప్పుడే అందులోని కోడ్ నడవగలదు. జేసన్ అడగండి. పాండాపవర్ పాత జేసన్‌ను తెరిచేటప్పుడే కొత్త పద్ధతికి మార్చుకుంటుంది. కొత్తదాన్ని పాత వెర్షన్‌తో తెరవడానికి మాత్రం చూడొద్దు.

పంపే ముందు ఒక పరీక్ష చెయ్యండి. సాల్వ్ చేసి మొత్తం జనరేషన్, మొత్తం లాస్, ఓ నాలుగైదు బస్సుల వోల్టేజీ, కోణం రాసుకోండి. సేవ్ చేసి, ప్రోగ్రాం పూర్తిగా మూసి, వీలైతే ఇంకో కంప్యూటర్‌లో తెరిచి మళ్ళీ సాల్వ్ చెయ్యండి. వోల్టేజీ 0.0001 లోపు, కోణం 0.01 డిగ్రీ లోపు కలవాలి. కిందటి సొల్యూషన్ నుంచే మొదలుపెట్టమని సెట్ చేసి ఉంటే, ఒక్క ఇటరేషన్‌లో, అంటే ఒక్క విడతలో, తేలిపోవాలి. నాలుగైదు తీసుకుందంటే కిందటి వోల్టేజీలు ఫైల్లోంచి రాలేదు, లేదా ట్యాప్, రియాక్టివ్ లిమిట్ సెట్టింగు ఏదో అక్కడ వేరుగా ఉంది. లాస్ మాత్రమే తేడా వస్తే ముందు రెసిస్టెన్స్ దశాంశాలు చూడండి.

ల్యాప్‌టాప్‌లు తెరవండి. మీకిచ్చిన రెండు రా ఫైళ్ళనూ ముందు నోట్‌ప్యాడ్‌లోనే తెరిచి, మొదటి వరుసలో తేడా ఎక్కడుందో వెతకండి.