ఆడపిల్లల మ్యాచ్‌కి కూడా రండి

(సంక్రాంతి సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం, సంక్రాంతి శుభాకాంక్షలు. వేదిక మీదున్న పెద్దలకు, కమిటీ వాళ్ళకు, తెల్లారకముందు నుంచీ వంటగది వదలకుండా అరిసెలు, బొబ్బట్లు చేస్తున్న అక్కలకు, వదినలకు, రాత్రంతా మంచు పడినా పొద్దున్నే కార్ల మీద మంచు గీకేసి పిల్లల్ని ఎక్కించుకుని వచ్చిన మీ అందరికీ పేరుపేరునా చెప్పాలనే ఉంది. కానీ సెక్రటరీ గారు నాకు పదిహేను నిమిషాలే ఇచ్చారు, ఒంటిగంటకి భోజనాలు. కాబట్టి అందరికీ కలిపి ఒకటే దండం.

"పిల్లల చదువులు, ఆటలు" అన్న విషయం మీద మాట్లాడమన్నారు. చదువుల మీద ఈ హాల్లో ఎవరిని లేపినా నాకంటే బాగా మాట్లాడతారు. నేను ఆటల సంగతే చెప్తాను, అందులోనూ ఒక్క ఆట, ఒక్క కాలేజీ. మనం ఉంటున్న ఈ పశ్చిమ మసాచుసెట్స్‌లోనే ఉన్న ఆమ్‌హర్స్ట్ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్లు, మగపిల్లలదీ ఆడపిల్లలదీ. చాలా ఏళ్ళుగా నేనూ మా వారూ చలికాలమంతా ఈ రెండు జట్ల మ్యాచ్‌లకీ తిరుగుతున్నాం. మా ఇంట్లో ఎవరూ ఆ కాలేజీలో చదవలేదు. ఊళ్ళో ఉంది, మంచి ఆట, వెళ్తాం, అంతే.

ఇదే ఊళ్ళో ఉన్న మసాచుసెట్స్ యూనివర్సిటీ గురించి కాదు నేను చెప్పేది, అది వేరు, పెద్దది. ఈ కాలేజీ 1821 నాటిది, పిల్లలు రెండు వేల లోపే. కాలేజీ ఆటల్లో దీన్ని డివిజన్ త్రీ, అంటే మూడో శ్రేణి, అంటారు. మొత్తం దేశంలో 400కు పైగా కాలేజీలున్న డివిజన్ ఇది, కానీ టీవీలో కనపడదు. ఇక్కడ ఆటకి స్కాలర్‌షిప్ ఒక్క డాలర్ కూడా ఇవ్వరు, నియమమే అది. అంటే ఆ పిల్లలు పొద్దున కెమిస్ట్రీ ల్యాబ్ చేసి, సాయంత్రం ప్రాక్టీసు చేసి, శుక్రవారం బస్సులో మెయిన్ రాష్ట్రం దాకా వెళ్ళి ఆడి, తిరుగు బస్సులో పేపర్ రాసుకుంటూ వచ్చేది డబ్బు కోసం కాదు, రేపు ప్రొఫెషనల్ అవుతామనీ కాదు. "ఆటల వల్ల చదువు పాడవుతుంది" అని నాతో అన్నవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు, తప్పు పట్టట్లేదు, ఒక్కసారి వచ్చి ఈ పిల్లల్ని చూడండి అంటున్నాను.

సీజన్ ఎలా నడుస్తుందో కొంచెం చెప్తాను, తెలియని వాళ్ళ కోసం. నవంబరులో మ్యాచ్‌లు మొదలవుతాయి, డిసెంబరులో పరీక్షలకి ఆపుతారు, జనవరి నుంచి అసలు వేడి. నెస్కాక్ అని 11 కాలేజీల కాన్ఫరెన్స్, అంటే లీగ్ లాంటిది, విలియమ్స్, టఫ్ట్స్, బోడన్, మిడిల్‌బరీ ఇలా. ఒక్కో జట్టు మిగతా పదింటితో తలా ఒకసారి ఆడుతుంది. ఫిబ్రవరి చివర్లో కాన్ఫరెన్స్ టోర్నమెంట్, మార్చిలో 64 జట్ల జాతీయ టోర్నమెంట్, అందులో ఒక్కటి ఓడితే ఇంటికే. విలియమ్స్‌తో మ్యాచ్ అంటే చెప్పక్కర్లేదు, మన దగ్గర ఇండియా–పాకిస్తాన్ టైపు టెన్షన్.

మగపిల్లల జట్టు గొప్పదే, దాన్ని తక్కువ చేయను. డేవిడ్ హిక్సన్ గారని, అదే కాలేజీలో చదివి, అక్కడే ఆడి, 1977లో కోచ్ అయ్యి 40 ఏళ్ళకు పైగా అక్కడే ఉన్నారు. ఎనిమిది వందలకు పైగా గెలుపులు. 2007లో ఒకసారి, 2013లో అట్లాంటాలో ఇంకోసారి జాతీయ ఛాంపియన్లు. 2023లో ఆయన్ని స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు, ఎన్‌బీఏ వాళ్ళ పక్కన ఒక చిన్న కాలేజీ కోచ్! ఆ రోజు మా ఇంట్లో పాయసం చేశాను.

సరే, ఇప్పుడు ఆడపిల్లల జట్టు. నేను అసలు చెప్పాలని వచ్చింది ఇది.

2016–17 సీజన్‌లో వీళ్ళు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. 33 ఆడారు, 33 గెలిచారు. ఫైనల్ టఫ్ట్స్‌తో, 52–29. ఆ 29 చూడండి. నలభై నిమిషాల ఆటలో, దేశంలో రెండో స్థానంలో నిలిచిన జట్టుకి 29 పాయింట్లే ఇచ్చారు. మరుసటి ఏడాది మళ్ళీ 33కి 33, ఫైనల్లో బోడన్‌ని 65–45తో ఓడించారు. వరసగా 66 గెలుపులు, రెండు ఛాంపియన్‌షిప్పులు, 2011లో గెలిచింది కలిపితే మూడు. మగపిల్లలవి రెండు, ఆడపిల్లలవి మూడు. మరి ఈ హాల్లో ఉన్న మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? చేతులెత్తండి... నలుగురు. ఇరవై నిమిషాల దూరంలో జరిగింది ఇది.

మగపిల్లల విలియమ్స్ మ్యాచ్‌కి వెళ్తే గోడకి ఆనుకుని నిలబడాల్సి వస్తుంది, స్టూడెంట్లు మొహాలకి ఊదా రంగు పూసుకుని వస్తారు. ఆడపిల్లలది మామూలు శనివారం మధ్యాహ్నం మ్యాచ్‌కి వెళ్తే కావాలంటే కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. ప్లేయర్ల అమ్మానాన్నలు, కొందరు ముసలివాళ్ళు, మేము. అజేయంగా ఉన్న సీజన్లో కూడా ఖాళీ బెంచీలు చూశాను నేను. ఎందుకని అడిగితే "ఆడపిల్లల ఆట స్లోగా ఉంటుందండీ" అంటారు. ఎప్పుడు చూశారు మీరు అంటే చూడలేదంటారు!

స్లో కాదు. ఆట వేరుగా ఉంటుంది. మగపిల్లలకి 20 నిమిషాల రెండు హాఫ్‌లు, ఆడపిల్లలు 2015–16 నుంచి పది నిమిషాల నాలుగు క్వార్టర్లు ఆడుతున్నారు, ప్రతి క్వార్టర్‌కీ టీమ్ ఫౌళ్ళ లెక్క మళ్ళీ సున్నా నుంచి. దానివల్ల క్వార్టర్ అయిపోయే ముందు ఆఖరి షాట్ కోసం జరిగే పోరాటం ఒక మ్యాచ్‌లో నాలుగుసార్లు దొరుకుతుంది. ఇంకోటి, మీరు వస్తే బాల్ వైపు చూడకండి. షాట్ గాల్లో ఉన్నప్పుడు కింద ఏం జరుగుతోందో చూడండి. ఐదుగురూ బాల్‌ని వదిలేసి ముందు తమ తమ ప్రత్యర్థిని వెతుక్కుంటారు, వీపు ఆమెకి ఆనించి, మోకాళ్ళు వంచి, మోచేతులు బయటికి పెట్టి, ఒక్క అడుగు కూడా ముందుకి రానివ్వరు. ఎగిరేది తర్వాత. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు అది చూపించాను, బాల్ సంగతి మర్చిపోయి ఆ కాళ్ళనే చూస్తూ కూర్చుంది.

అసలు ఈ ఆట ఎక్కడ పుట్టింది? ఇక్కడే, మన స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. 1891 డిసెంబరులో జేమ్స్ నైస్మిత్ అనే కెనడా ఆయన చలికాలం పిల్లల్ని జిమ్‌లో ఎలా ఆడించాలో తెలియక, రెండు పీచ్ పండ్ల బుట్టలు బాల్కనీకి కొట్టించి, 13 నియమాలు రాసి గోడకి అంటించాడు. ఇది మీకందరికీ తెలుసు, పిల్లల్ని హాల్ ఆఫ్ ఫేమ్‌కి తీసుకెళ్ళి ఉంటారు. తెలియని సంగతి చెప్తాను. మగవాళ్ళు ఆడటం మొదలుపెట్టిన కొద్దిరోజులకే, దగ్గర్లో ఉన్న బకింగ్‌హామ్ స్కూల్లో పంతులమ్మలు మధ్యాహ్నం భోజనం వేళ వచ్చి బాల్కనీలో నిలబడి చూసేవారు. చూసి చూసి, మేమూ ఆడొచ్చా అని నైస్మిత్‌ని అడిగారు. ఆయన ఆడనిచ్చాడు. అప్పట్లో ఆడినవాళ్ళలో మాడ్ షెర్మన్ అనే ఆవిణ్ణి ఆయన 1894లో పెళ్ళి చేసుకున్నాడు. అంటే ఈ ఆట పుట్టి నెలలు కాకముందే ఆడవాళ్ళు అందులో ఉన్నారు.

తర్వాత మన నార్తాంప్టన్‌లో ఆడపిల్లల స్మిత్ కాలేజీ, అక్కడి వ్యాయామం టీచరు సెండా బెరెన్సన్. 1893 మార్చిలో సెకండియర్ అమ్మాయిలకీ ఫస్టియర్ అమ్మాయిలకీ మ్యాచ్ పెట్టింది. మగవాళ్ళని లోపలికి రానివ్వలేదు. గ్యాలరీ నిండా అమ్మాయిలే. మొదట్లో బాల్ పైకి ఎగరేస్తుంటే బెరెన్సన్ చెయ్యి తగిలి ఫస్టియర్ వాళ్ళ ప్లేయర్ భుజం ఎముక జారిపోయింది! ఆ అమ్మాయిని పక్కకి తీసుకెళ్ళారు, ఆట ఆపలేదు. సెకండియర్ వాళ్ళు 5–4తో గెలిచారు. ఈ మ్యాచ్ గురించి నేను ఎక్కడికెళ్ళినా చెప్తాను, మా వారికి విని విని కంఠతా వచ్చేసింది.

అయితే ఆడవాళ్ళకి అలసట మంచిది కాదన్న ఆ రోజుల నమ్మకం వల్ల కోర్టుని మూడు ముక్కలు చేసి, ఎవరి ముక్కలో వాళ్ళే ఉండాలి, బాల్ లాక్కోకూడదు, మూడుసార్లకి మించి బాల్‌ని నేలకి కొట్టకూడదు అని నియమాలు పెట్టారు. ఆ ఆలోచన తాలూకు సగం కోర్టు ఆట అయోవా హైస్కూళ్ళలో 1993 దాకా ఉంది. ముందు పరుగెత్తొద్దన్నారు, వందేళ్ళ తర్వాత స్లోగా ఉంటుంది కాబట్టి చూడం అంటున్నారు. డివిజన్ త్రీ మగపిల్లలకి జాతీయ టోర్నమెంట్ 1975లో వస్తే ఆడపిల్లలకి 1982లో గానీ రాలేదు. 2021లో పెద్ద కాలేజీల టోర్నమెంట్లో మగపిల్లలకి ఒక పెద్ద హాలు నిండా జిమ్ సామాను పెట్టి, ఆడపిల్లలకి ఒక చిన్న స్టాండ్ మీద డంబెల్స్ పెట్టారు, ఒక అమ్మాయి వీడియో తీసి పెడితే గానీ కదల్లేదు వాళ్ళు.

మన దగ్గర మాత్రం ఏం తక్కువ? తెనాలిలో చదివేటప్పుడు నేను బాల్ బ్యాడ్మింటన్ ఆడేదాన్ని. మీలో గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్ళకి తెలుస్తుంది, ఐదుగురు జట్టు, పసుపుపచ్చ ఊలు బంతి. నేను ముందు వరసలో ఆడేదాన్ని, నెట్ దగ్గర. అన్నయ్య వాలీబాల్ ఆడితే నాన్న, బాబాయిలు, వీధిలో వాళ్ళు కూడా సైకిళ్ళేసుకుని వెళ్ళేవాళ్ళు. నా ఆటకి ఇంట్లోంచి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు, రావాలని ఎవరికీ తోచేదీ కాదు. ఇంటర్ రెండో ఏడు జిల్లా జట్టుకి ఎంపికయ్యాను, బయటి ఊళ్ళో రెండు రాత్రులు ఉండాలి. నాన్న వద్దన్నారు. ఆయన నన్ను ఏ విషయంలోనూ తక్కువ చూడలేదు, నా ఇంజనీరింగ్ ఫీజు కోసం పొలం అమ్మిన మనిషి. కానీ నా ఆట ఆయన ఎన్నడూ చూడలేదు. చూసి ఉంటే ఆ ఒక్కసారి పంపేవారని నేను ఇప్పటికీ నమ్ముతాను. కరణం మల్లీశ్వరిని, సింధుని చూసి గర్వపడతాం, పడాలి కూడా. సింధు అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ ప్లేయర్లు, ఆ ఇంట్లో ఆట అంటే ఏంటో తెలుసు. మిగతా ఇళ్ళ సంగతి?

ఇక్కడ కూడా చూస్తున్నాను. ఆరో క్లాసు దాకా మన ఆడపిల్లలు చక్కగా ఆడతారు. ఏడో క్లాసుకి మ్యాథ్ కోచింగ్, ఎనిమిదికి డాన్స్ రంగప్రవేశం, తొమ్మిదికి ఆట లేదు. డాన్స్ వద్దనట్లేదు. కొడుకు టీమ్ ప్రాక్టీసుకి నాన్న లీవు పెట్టి దింపుతాడు, కూతురిది మాత్రం "ఈ ఏడాదికి చాల్లేమ్మా".

కమిటీ వాళ్ళు ఏమీ అనుకోవద్దు, ఇది చెప్పే తీరాలి. మన వార్షిక ఆటల పోటీల కాగితం చూడండి. మగవాళ్ళకి క్రికెట్, వాలీబాల్, షటిల్, క్యారమ్స్. ఆడవాళ్ళకి ముగ్గులు, మ్యూజికల్ చెయిర్స్, నిమ్మకాయ–చెంచా. ఎంతో కష్టపడి చేస్తున్నారు మీరు, ఆ సంగతి నాకు తెలుసు, నేనూ ఒకప్పుడు అదే కమిటీలో ఉన్నాను. కానీ స్మిత్ కాలేజీకి ఇంత దగ్గర్లో ఉండి, 130 ఏళ్ళ కిందట ఇక్కడ అమ్మాయిలు భుజం జారినా ఆట ఆపని చోట ఉండి, మన అమ్మాయిలకి చెంచాలో నిమ్మకాయా? ఆ స్మిత్ అమ్మాయిలే 2024లో జాతీయ ఫైనల్ దాకా వెళ్ళారు, న్యూయార్క్ యూనివర్సిటీ చేతిలో ఓడారు గానీ ఎంత బాగా ఆడారో!

2020 మార్చి 12 నాకు బాగా గుర్తు. టోర్నమెంట్లో పదహారు జట్లు మిగిలాయి, అటు మగపిల్లలవి, ఇటు ఆడపిల్లలవి. కోవిడ్ వల్ల ఒక్క సాయంత్రంలో అన్నీ రద్దు చేశారు. మరుసటి ఏడాది నెస్కాక్ సీజనే లేదు. అప్పుడు ఆఖరి సంవత్సరంలో ఉన్న పిల్లలకి ఇంక మ్యాచ్ అన్నది లేకుండా పోయింది. ఆ చలికాలం ఖాళీ పార్కింగ్ లాట్ పక్కనుంచి కారులో వెళ్తుంటే మా అమ్మాయి "పోయినేడు ఇంకొన్ని మ్యాచ్‌లకి వచ్చుండాల్సింది అమ్మా" అంది.

సెక్రటరీ గారు వాచీ చూపిస్తున్నారు, రెండే విషయాలు చెప్పి దిగిపోతాను.

ఒకటి, వచ్చే శనివారం మధ్యాహ్నం ఆడపిల్లల మ్యాచ్ ఇక్కడే ఉంది, టికెట్ అక్కర్లేదు. మా వ్యాన్‌లో ఐదుగురికి చోటుంది, ఇంకో రెండు కార్లు మాట్లాడాను. వెనక టేబుల్ మీద అరిసెల పళ్ళెం పక్కన కాగితం పెట్టాను, పేరు, ఎంతమంది, పిల్లలకి బూస్టర్ సీటు కావాలా అన్నది రాయండి. నాన్నలు రావాలి. అమ్మలొక్కరే వచ్చి నాన్నలు ఇంట్లో క్రికెట్ చూస్తూ కూర్చుంటే కుదరదు.

రెండోది, కమిటీకి. ఈ ఏడాది పోటీల్లో అమ్మాయిలకి ముగ్గురేసి జట్లతో బాస్కెట్‌బాల్ పెట్టండి. సగం కోర్టు చాలు, స్కూల్ జిమ్ శనివారాలు అద్దెకి ఇస్తారు, రేటు కనుక్కున్నాను, మన మ్యూజిక్ సిస్టమ్ అద్దె కంటే తక్కువే. ఆడపిల్లల బాల్ సైజు వేరు, చుట్టుకొలత 28.5 అంగుళాలు, మగపిల్లలది తెచ్చి ఇవ్వకండి. నాలుగు బాల్స్ నేను కొంటాను. రిఫరీగా మా వారు ఉంటారు, ఆయన్ని ఇంకా అడగలేదు, ఇప్పుడే వింటున్నారు. ప్రెసిడెంట్ గారూ, భోజనాలయ్యాక మీటింగ్ ఉందన్నారు కదా, ఎజెండాలో రాసుకోండి, నేను ఉంటాను.